ఎండిపోయిన ఇంటి మొక్కను మళ్లీ చిగురింపజేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హాల్లో, వరండాలో, మిద్దె మెట్ల కింద కుండీల్లో పెంచే మొక్కల గురించి నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. మన ఎండ, మన బోరు నీళ్లు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురు దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. చలి ప్రదేశాల వాళ్లు చెప్పే పద్ధతులు ఇక్కడ చాలావరకు తిరగబడతాయి.

ఆకులన్నీ రాలిపోయి కాడలే మిగిలాయి. ప్రాణం ఉందా పోయిందా?

కాడ మీద గోటితో సన్నగా గీరండి. పైపొర కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ఆ భాగం బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడ చచ్చింది. ముందు కొన దగ్గర గీరి, రెండంగుళాలకు ఒకసారి చూసుకుంటూ కిందికి రండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే దానికి కింద వచ్చే మొదటి కణుపుకు పావు అంగుళం ఎగువన కోయాలి. మట్టి దాకా ఎక్కడా పచ్చ లేకపోయినా అప్పుడే పారేయకండి, వేళ్లు చూడాలి. కుండీని పక్కకు వంచి, అంచుల చుట్టూ అరచేత్తో తట్టి, మట్టిగడ్డను మొత్తంగా బయటికి జార్చండి. వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, నొక్కితే గట్టిగా తగిలితే ఆశ ఉంది. నల్లబడి, లాగగానే పైతొక్క ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలితే కుళ్లు పట్టింది. పుల్లల్లా విరిగిపోతుంటే ఎండిపోయాయి.

కుళ్లుకూ ఎండుకూ చేసే వైద్యం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. పైనుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా వాడిపోయి కనిపిస్తాయి. వేళ్లు చూడకుండా చెంబు ఎత్తవద్దని చెప్పేది అందుకే.

నెల రోజులు ఊళ్లో లేము. వచ్చేసరికి మట్టి రాయిలా బిగిసి, కుండీ అంచు నుంచి విడిపోయింది. ముందు ఏం చేయాలి?

పైనుంచి నీళ్లు పోస్తే ఆ సందులోంచి జర్రున కిందికి దిగిపోతాయి, గడ్డ లోపల చుక్క కూడా తడవదు. పళ్లెంలోకి నీళ్లు వచ్చాయి కదా, తడిసిందిలే అనుకుంటాం. కోకోపీట్ ఎక్కువున్న కుండీల్లో ఇది మరీ ఎక్కువ. ఒకసారి పూర్తిగా ఎండిన కొబ్బరి పొట్టు వెంటనే నీటిని పీల్చుకోదు.

ఇలా చేయండి. సన్న ఇనుప చువ్వతోనో, చీపురుకట్ట వెనకవైపు పుల్లలు రెండు మూడు కలిపో మట్టిలో ఏడెనిమిది చోట్ల నాలుగంగుళాల లోతు రంధ్రాలు పొడవండి. కాండానికి రెండంగుళాల దూరం ఉంచండి. తరువాత బక్కెట్లో లేదా టబ్బులో కుండీ ఎత్తులో సగం దాకా నీళ్లు పోసి కుండీని అందులో కూర్చోబెట్టండి. మొదట బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, పైమట్టి రంగు మారి చేతికి తడి తగిలితే చాలు. 8 అంగుళాల కుండీకి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తీసి గంటసేపు ఇటుకల మీద పెట్టి నీరంతా కారనివ్వండి. రాత్రంతా టబ్బులోనే వదిలేస్తే ఎండిన వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి.

మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు మే నెలలో చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లతో నానబెడితే మిగిలిన నాలుగు వేళ్లూ ఉడికిపోతాయి. తెల్లవారుజామున పట్టి పెట్టుకున్న నీళ్లు వాడండి.

నానబెట్టాక గమ్మునుండాలి. కష్టమైన పని ఇదే. మళ్లీ నీళ్లు పోయడానికి రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. ఆకులు లేని మొక్క తాగేది చాలా తక్కువ. జాలిపడి రోజూ పోస్తే, ఎండను తట్టుకుని నిలబడింది మన చేతిలో పోతుంది.

నీళ్లు పోస్తూనే ఉన్నాం, మట్టి తడిగానే ఉంది. అయినా ఆకులు పసుపై వేలాడుతున్నాయి. ఎందుకు?

వేళ్లు కుళ్లాయి. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు కనుక తడిలో ఉండి కూడా మొక్క దాహంతో వాడుతుంది. అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. నవంబరు ముసురులో ఈ ఫిర్యాదు బాగా పెరుగుతుంది. ఎండ లేక మట్టి ఆరదు, కానీ వేసవి అలవాటు కొద్దీ రోజూ పోస్తూనే ఉంటారు.

మొక్కను బయటికి తీసి, వేళ్లకు అంటిన మట్టిని మగ్గుతో నీళ్లు పోస్తూ కడిగేయండి. నల్లగా, మెత్తగా, మురుగు వాసన వచ్చే వేళ్లన్నిటినీ తెల్లటి గట్టి భాగం దాకా కత్తిరించండి. కత్తెరను ముందూ, మధ్యమధ్యలోనూ స్పిరిట్‌తో తుడవాలి. వేళ్లలో సగం పోతే ఆకుల్లో కూడా మూడో వంతు నుంచి సగం దాకా తీసేయండి, మిగిలిన వేళ్లు మోయగలిగేది అంతే. నీడలో రెండు మూడు గంటలు ఆరనిచ్చి కొత్త మట్టిలో, మిగిలిన వేళ్లకు సరిపడే చిన్న కుండీలో నాటండి. పెద్ద కుండీలో పెడితే వేళ్లు అందుకోని మట్టంతా తడిగా నిలిచి మళ్లీ అదే కథ.

పురుగుమందుల కొట్లలో దొరికే కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను లీటరుకు 3 గ్రాములు కలిపి ఒక్కసారి వేళ్ల దగ్గర పోస్తే మిగిలిన కుళ్లు అదుపులోకి వస్తుంది. చేతికి తొడుగు వేసుకోండి. తులసి, వాము ఆకు, తమలపాకు లాంటి నోట్లో పెట్టుకునే వాటికి వద్దు. ఇది పోసిన కుండీలో రెండు మూడు వారాల దాకా ట్రైకోడెర్మా వేయకూడదు. అది మేలు చేసే శిలీంధ్రం, రాగి మందు దాన్నీ చంపుతుంది.

మట్టి మిశ్రమం ఎట్లా కలపాలి?

మనీప్లాంట్, పీస్ లిల్లీ, అరెకా, క్రోటన్ లాంటి వాటికి ఎర్రమట్టి 2 పాళ్లు, ముతక ఇసుక 1 పాలు, కడిగిన కోకోపీట్ 1 పాలు, వర్మీకంపోస్టు 1 పాలు. స్నేక్ ప్లాంట్, జీజీ, కలబందలకు ఇసుక సగం ఉండాలి, కోకోపీట్ అసలు వద్దు. కుళ్లు నుంచి తేరుకుంటున్న మొక్కకు మొదటిసారి వర్మీకంపోస్టు కూడా మానేసి, ఆ వంతు ఇసుకే వేయండి.

నల్లరేగడి కుండీకి పనికిరాదు. పొలంలో బంగారం లాంటి మట్టే, కుండీలో తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. వేరే దారి లేకపోతే అందులో సగానికి సగం ముతక ఇసుక కలపాలి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇలా రెండుసార్లు చేశాకే వాడండి. కుండీ అడుగు రంధ్రం మీద విరిగిన పెంకు ఒకటి బోర్లించండి. గులకరాళ్లు రెండంగుళాలు పోస్తే నీళ్లు బాగా దిగుతాయనేది అపోహ. నీరు మట్టి చివర్లోనే ఆగుతుంది, రాళ్ల వల్ల ఆ తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

మైపాడు వెళ్లినప్పుడు ఇసుక తెచ్చుకున్నాం. వాడొచ్చా?

వద్దు. మైపాడైనా కొత్తపట్నమైనా సముద్రపు ఒడ్డు ఇసుకలో ఉప్పు ఉంటుంది, పైగా మరీ సన్నం. ఏటి ఇసుక తెచ్చి, జల్లెడలో సన్నది పోగొట్టి, పైన మిగిలిన ముతకది వాడండి.

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు నిగనిగలాడింది. మూడు నెలలకే డీలా పడింది. తప్పెక్కడ?

చాలాసార్లు తప్పు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దలో ఉంటుంది. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలు దారిలో చెదరకుండా బంకమట్టి ముద్దలో కట్టి ఉంటాయి. దాన్ని అలాగే మెత్తటి మిశ్రమంలో నాటితే, చుట్టూ మట్టి తడిగా ఉన్నా మధ్య ముద్ద ఎండి గట్టిపడుతుంది. లేదా ఒకసారి తడిసి నెల రోజులు ఆరదు. వేళ్లు ముద్ద దాటి రావు. ఇప్పటికైనా తీసి చూడండి. టెన్నిస్ బంతిలాంటి గడ్డ కనిపిస్తే అరగంట నీళ్లలో నానబెట్టి, చేతివేళ్లతో మెల్లగా మెదిపి, బంకలో మూడింట రెండు వంతులు పోగొట్టి తిరిగి నాటండి. గడ్డను తాడో గోనెపీచో ప్లాస్టిక్ వలో చుట్టి ఉంటే తీసేయండి.

కుండీ మార్చడానికి మంచి కాలం ఏది?

మన దగ్గర సెప్టెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే, జూన్‌లలో వేళ్లు కదిలించవద్దు, రోహిణి కార్తెలో అసలే వద్దు. పడమటి గాలి కొడుతుంటే ఆకుల్లోంచి పోయే తడిని కొత్తగా కోసిన వేళ్లు అందించలేవు. నైరుతి వానలు మన వైపు అంతంత మాత్రమే కాబట్టి జూలైలో కూడా వాతావరణం చల్లబడిందో లేదో చూసుకోవాలి. వేళ్లు కుళ్లితే మాత్రం కార్తెలు చూడకండి, ఆ రోజే తీయాలి.

ఆకుల కొనలు కాలినట్టు గోధుమ రంగులోకి మారాయి. మట్టి మీద తెల్లటి పొర కడుతోంది.

ఆ తెలుపు ఉప్పు. బోరు నీళ్లు రోజూ కాస్త కాస్త పోస్తుంటాం. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. సముద్ర తీరం పొడుగునా, రొయ్యల చెరువుల దగ్గర ఊళ్లలో ఇది ఎక్కువ. మట్టిలో ఉప్పు పెరిగితే వేళ్లు నీళ్లు లాగలేవు, తడి ఉండి కూడా కొనలు మాడతాయి.

పైన తెల్లపొరతో పాటు అరంగుళం మట్టి గీకి పారేయండి. కుండీని కాలవ దగ్గర పెట్టి, దాని పరిమాణానికి రెండింతల మంచినీళ్లు నెమ్మదిగా పోయండి. 8 అంగుళాల కుండీకి దాదాపు 8 లీటర్లు అవుతాయి. ఒక్కసారే కుమ్మరించకుండా లీటరు చొప్పున, ఒకటి దిగాక ఇంకొకటి. పళ్లెంలో చేరిన నీళ్లు మళ్లీ కుండీలో పోస్తే కడిగిందంతా వృథా. నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో రెండు నెలలకోసారి ఇలా కడగాలి. అన్నిటికన్నా మేలైనది వాన నీళ్లు. అక్టోబరు, నవంబరులో మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టి, మొదటి వాన వదిలేసి, రెండో వాన నుంచి పట్టుకోండి. దోమలు చేరకుండా పాత చీర గుడ్డ కట్టి మూత పెట్టండి.

మాడిన కొనలు మళ్లీ పచ్చబడవు. చూడ్డానికి బాగాలేకపోతే ఆకు ఆకారంలోనే కత్తిరించండి, మాడిన అంచు సన్న గీతంత వదిలేయండి. పచ్చ భాగం తెగితే అక్కడ మళ్లీ మాడుతుంది.

స్పైడర్ ప్లాంట్, డ్రసీనాలకు ఎన్నిసార్లు కడిగినా కొనలు మాడుతూనే ఉన్నాయి. మాది కనిగిరి వైపు.

అక్కడి భూగర్భ జలాల్లోని ఫ్లోరైడు కారణం కావచ్చు. ఈ రెండు మొక్కలకూ ఫ్లోరైడు అసలు పడదు. అది నీటితో పాటు ఆకు కొనకు చేరి అక్కడే పేరుకుంటుంది. కుళాయి నీటిలో క్లోరిన్ అయితే బక్కెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే పోతుంది. ఫ్లోరైడు అలా పోదు, కాచినా పోదు సరికదా, నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. ఈ రెండింటికీ వాన నీళ్లు లేదా ఆర్వో మంచినీళ్లు పోయండి. సూపర్ ఫాస్ఫేటు వేయకండి, అందులోనూ ఫ్లోరైడు ఉంటుంది. మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్‌లు ఇదే నీటికి అంతగా బాధపడవు. కొత్తగా కొనేవాళ్లు అవి ఎంచుకుంటే గొడవే ఉండదు.

ఆర్వో నుంచి పక్కకు పోయే నీళ్లు, ఏసీ నీళ్లు పోయొచ్చా?

ఆర్వో వదిలేసే నీటిలో అసలు నీటికన్నా ఉప్పు ఎక్కువ. బండలు కడగడానికి వాడుకోండి. ఏసీ నీళ్లు పోయొచ్చు, ఉప్పు కడగడానికి భేషుగ్గా పనికొస్తాయి. వాటిలో పోషకాలేమీ ఉండవు కాబట్టి తేరుకున్నాక ఎరువు మాత్రం మరవకండి.

త్వరగా కోలుకోవాలని ఎరువు వేస్తే?

జ్వరం తగ్గీ తగ్గకముందే పులిహోర పెట్టినట్టు. దెబ్బతిన్న వేళ్ల దగ్గర ఎరువు ఉప్పులా పనిచేసి ఉన్న తడిని లాగేస్తుంది. కొత్త చిగురు వచ్చి, రెండు ఆకులు పూర్తిగా విచ్చుకునేదాకా ఏమీ వద్దు. సాధారణంగా నెలన్నర పడుతుంది. తరువాత 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకు 1 గ్రాము, 15 రోజులకోసారి, తడిసిన మట్టిలోనే పోయండి. లేదా 8 అంగుళాల కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు, రెండు నెలలకోసారి. పశువుల ఎరువైతే బాగా మాగి, వాసన పోయి, చేతిలో పొడిలా రాలాలి. పచ్చిపేడ వేడికి వేళ్లు మాడిపోతాయి.

బియ్యం కడిగిన నీళ్లు, టీపొడి, మజ్జిగ?

బియ్యం కడిగిన నీళ్లు ఆరోగ్యంగా ఉన్న మొక్కకు వారానికోసారి పోస్తే నష్టం లేదు. లాభం కూడా చెప్పుకునేంత లేదు. పిండి పేరుకుని ఈగలు మూగుతాయి. పాలు, చక్కెర కలిసిన టీపొడిని బాగా కడిగి ఎండబెట్టకపోతే చీమలు, బూజు. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. మజ్జిగ కుండీలో పోయకండి, పులిసి కంపు కొడుతుంది. జబ్బుపడిన మొక్కకు వీటిలో ఏ ఒక్కటీ మందు కాదు.

కణుపుల్లో తెల్లగా దూదిలా ఉంది. ఆకులు జిగటగా అంటుకుంటున్నాయి.

పిండినల్లి. పట్టించుకోని మొక్కను ముందు వెతుక్కుంటూ వచ్చేది ఇదే. జిగట దాని విసర్జన. ఆ తీపి కోసం చీమలు చేరి, పిండినల్లికి కాపలా కాసి, పక్క కుండీలకు మోసుకుపోతాయి. కుండీ చుట్టూ చీమల బారు కనిపిస్తే ఆకుల అడుగున వెతకండి.

ముందుగా ఆ కుండీని వేరే చోటికి మార్చండి. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కో గుంపునూ తుడిచేయండి. తరువాత 5 మి.లీ. వేపనూనెలో 2 మి.లీ. గిన్నెలు తోమే ద్రవ సబ్బు వేసి తెల్లగా అయ్యేదాకా కలిపి, అప్పుడు లీటరు నీళ్లు పోయండి. నూనెను నేరుగా నీళ్లలో వేస్తే పైన తేలి, చివర్లో ఒక్క ఆకు మీదే పడి మాడ్చేస్తుంది. సాయంత్రం పూట ఆకుల అడుగున, కణుపుల్లో తడిసేలా కొట్టండి. గుడ్లు పొదిగి వచ్చేవి ఉంటాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడు వారాలు కొట్టాల్సిందే. ఒక్కసారి కొట్టి వదిలేయడం వల్లే మళ్లీ వస్తుంది.

ఆకు మీద సన్న సూదిపోట్ల లాంటి పసుపు చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు ఉంటే ఎర్రనల్లి. తెల్లకాగితం మీద ఆకును తట్టండి, కదిలే చుక్కలు కనిపిస్తాయి. ఏసీ గదుల్లో, ఎండాకాలంలో ఎక్కువ. ఆకుల అడుగు భాగాన్ని మూడు రోజులకోసారి గట్టి ధారతో కడిగి, పైన చెప్పిన వేపనూనె కొట్టండి. మట్టి మీద ఎగిరే చిన్న నల్ల దోమలకు మందు అక్కర్లేదు. పై రెండంగుళాల మట్టి ఆరనిస్తే వాటి పిల్లలు చస్తాయి.

నీరసంగా ఉంది కదా అని ఎండలో పెట్టొచ్చా?

పెట్టకూడదు. నెలల తరబడి నీడలో ఉన్న ఆకు ఒక్క మధ్యాహ్నానికే తెల్లమచ్చలు పడి కాలిపోతుంది. తూర్పు కిటికీ పక్కన, లేదా మధ్యాహ్నం లైటు వేయకుండా పేపరు చదవగలిగేంత వెలుతురున్న చోట పెట్టండి. పడమటి కిటికీ వేసవిలో పొయ్యితో సమానం. చిగురు వచ్చాక, అవసరమైన మొక్కలకే, ఉదయం ఎండ అరగంటతో మొదలుపెట్టి పది రోజుల్లో రెండు గంటలకు పెంచండి. నల్ల ప్లాస్టిక్ కుండీ పిట్టగోడ మీద ఉంటే మట్టి కాగిపోతుంది. దాన్ని పెద్ద మట్టికుండీలో దింపి చుట్టూ కొబ్బరి పీచు కూరండి.

కోటలో తులసి ఎండిపోయింది. ఏం చేయాలి?

ముందు తులసికోటలోంచి నీళ్లు బయటికి పోయే దారి ఉందో లేదో చూడండి. చాలా సిమెంటు కోటలకు అడుగున రంధ్రం ఉండదు. రోజూ పోసే చెంబుడు నీళ్లు అడుగున చేరి మురుగుతాయి. డ్రిల్లుతో అంగుళం రంధ్రం పెట్టించండి, లేదా రంధ్రాలున్న కుండీలో మొక్క నాటి దాన్ని కోటలో దించండి. పాలు, పసుపు, కుంకుమ కాండం మొదట్లో కాకుండా కోట అంచు మీద పెడితే పూజా సాగుతుంది, కాండమూ కుళ్లదు.

ఎండిన కొమ్మల్ని పచ్చ కణుపు దాకా కోయండి. కంకులన్నీ తుంచేయండి, విత్తనం పట్టనిస్తే తులసి తన పని అయిపోయిందన్నట్టు ముదిరి ఎండుతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి, హాల్లో బతకదు. మొదలు మానులా గట్టిపడిన రెండు మూడేళ్ల తులసి చిగురించకపోతే అది వయసు తీరినదే. దాని కంకులు నలిపి ఆ మట్టి మీదే చల్లితే వారం పది రోజుల్లో నారు వస్తుంది.

జీజీ ప్లాంట్ కాడలన్నీ పడిపోయాయి. పారేద్దామా?

ఆగండి. మట్టిలో వేలు పెట్టి తడమండి, చిన్న బంగాళదుంపల్లాంటివి తగులుతాయి. గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది. మెత్తబడినవి తీసేసి, మిగిలినవి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, సగం ఇసుకున్న మట్టిలో అంగుళం లోతున పెట్టండి. 15, 20 రోజులకోసారి గ్లాసుడు నీళ్లు చాలు. రెండు మూడు నెలలకు మొలక వస్తుంది.

స్నేక్ ప్లాంట్ మొదలు కుళ్లితే పైన గట్టిగా ఉన్న ఆకును నాలుగంగుళాల ముక్కలుగా కోసి, కింది వైపు ఏదో గుర్తు పెట్టుకుని, రెండు రోజులు ఆరనిచ్చి ఇసుకలో గుచ్చండి. తలకిందులుగా గుచ్చితే వేరు రాదు. పసుపు అంచు రకానికి ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లలు ఉత్త ఆకుపచ్చవే అవుతాయి. అంచు కావాలంటే దుంపతో ఉన్న పిలకే దొరకాలి.

మనీప్లాంట్ తీగ పొడుగ్గా సాగి, మధ్యలో బోడిగా ఉంది.

మట్టికి ఆరంగుళాల పైన కోసేయండి, మొదట్లోంచి కొత్త చిగుళ్లు వస్తాయి. కోసిన తీగను ఒక్కో ముక్కకు రెండు కణుపులు ఉండేలా, కింది కణుపుకు అరంగుళం దిగువన కోసి నీళ్లలో పెట్టండి. నీటిలో మునిగే ఆకు తీసేయాలి. మూడు రోజులకోసారి నీళ్లు మారిస్తే రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. రెండంగుళాలు కాగానే అదే కుండీలో ఖాళీల్లో నాటితే గుబురుగా కనిపిస్తుంది. దీని రసం నాలుకకు తగిలితే మంట, వాపు. పిల్లలున్న ఇంట్లో కోసిన ముక్కలు నేల మీద వదలకండి.

అరెకాను మాత్రం ఇట్లా నడిమికి కోయకూడదు. తాటిజాతికి కొమ్మలు రావు. మొవ్వు తెగిన కాండం ఇక ఆకు వేయదు. ఎండిన మట్టల్ని మాత్రమే మొదటికంటా తీయండి.

ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

పీస్ లిల్లీ ఉత్త దాహంతో వాలితే నీళ్లు పోసిన నాలుగైదు గంటల్లో లేచి కూర్చుంటుంది. మనీప్లాంట్‌కు మూడు వారాలు, క్రోటన్‌కు నెల పైన, అరెకాకు రెండు మూడు నెలలు. 15 రోజులకోసారి కాడను గీరి చూడండి. పచ్చ కిందికి దిగిపోతూ మట్టిని తాకితే, వేళ్లు కూడా పుల్లల్లా విరిగితే ఇక లాభం లేదు. పిండినల్లి, కుళ్లు లేని మట్టైతే నాలుగు రోజులు ఎండలో పరిచి వేరే మొక్కకు వాడుకోవచ్చు. ఉంటే ఆ మట్టి పారేసి, కుండీని సబ్బుతో తోమి ఎండబెట్టండి.

మళ్లీ పదిహేను రోజులు ఊరెళ్లాలి. ఈసారి ఎట్లా?

బయల్దేరే ముందురోజు సాయంత్రం బాగా తడిపి, కుండీలన్నీ కిటికీకి దూరంగా ఒక మూల దగ్గర దగ్గరగా చేర్చండి. లీటరు సీసా మూతకు సన్న మేకుతో ఒక రంధ్రం చేసి, నీళ్లు నింపి, తలకిందులుగా రెండంగుళాలు మట్టిలో గుచ్చండి. ఎన్ని రోజులొస్తుందో వెళ్లే ముందు వారమే ఒక కుండీలో పెట్టి చూసుకోవాలి. మట్టి వదులైతే ఒక్క పూటకే ఖాళీ అవుతుంది. స్నేక్ ప్లాంట్, జీజీ, కలబందలకు ఇవేవీ వద్దు. పళ్లేల్లో నీళ్లు నింపి పెట్టి వెళ్లకండి, వేళ్లు కుళ్లడం అటుంచి, వచ్చేసరికి డెంగీ దోమలు పొదిగి ఉంటాయి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వెళ్తుంటే ఏ కుండీకి ఎన్ని గ్లాసులో, ఎన్ని రోజులకోసారో సుద్దముక్కతో కుండీ మీదే రాయండి. లేకపోతే వాళ్లు మంచితనం కొద్దీ రోజూ బక్కెట్టుతో వస్తారు.